ఈ మెట్లు ఎవరి చేతికి కొలిచారు?

బ్యాండులో వాయించడానికి కీబోర్డు కొనాలనుకునే వాళ్లకి సలహాలకేం కొదవ లేదు. 88 మెట్లుండాలి, అవి పియానో మెట్లలా బరువుగా దిగాలి, కిందొకటి పైనొకటి రెండు కీబోర్డులుంటే మరీ మంచిది, ఇనప స్టాండు గట్టిది తీసుకోవాలి, సొంత యాంప్లిఫయర్ ఉంటే ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. వినడానికి ఇదంతా వస్తువుల గురించిన మాట. చవకా ఖరీదూ, మంచీ చెడూ తప్ప ఇందులో ఆడా మగా ఎక్కడున్నారు అనిపిస్తుంది. కానీ కొంచెం ఆగి చూడండి. ఈ సలహాల వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతనికి బండి ఉంది, లేదా బండి ఉన్న స్నేహితుడున్నాడు. పాతిక కిలోలు ఒక్కడే ఎత్తి మెట్లెక్కించగలడు. ప్రోగ్రాం రాత్రి ఒంటిగంటకి అయిపోతే ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అతని జీతంలో ముప్ఫై వేలు వాద్యం కింద పోతే అది సరదా, మహా అయితే పిచ్చి. కుటుంబద్రోహం మాత్రం కాదు. ఆ మనిషిని మధ్యలో నిలబెట్టి, అతని చుట్టూ కొలతలు తీసి, ఆ కొలతలకి 'సాంకేతికం' అని పేరు పెట్టారు. నా తగువు ఆ పేరుతోనే.

ఈ మాటలు ధూల్‌పేట్‌ని ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాదులో వీధి సంగీతానికి గిరాకీ ఎక్కడుందని వెతికితే వినాయకుడి దగ్గరికే చేరతాం. వినాయక విగ్రహాలు ఎక్కడ దొరుకుతాయంటే పాతబస్తీలో ఎవరైనా ధూల్‌పేట్ వైపే వేలు చూపిస్తారు. తరాల కిందట ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన లోధీ కుటుంబాల చేతిపని అది. చవితికి విగ్రహాలు, సంక్రాంతికి గాలిపటాలు, రాఖీ పున్నానికి రాఖీలు. ఈ మూడు పనుల్లో ఆడవాళ్ల చెయ్యి పడనిది ఒక్కటీ లేదు. కాగితం కోయడం, అంటించడం, దారాలు కట్టడం, రంగులు కలపడం, పూత వెయ్యడం, మధ్యలో లేచి అన్నం వండటం. బేరం దగ్గరికొచ్చేసరికి కుర్చీలో మగమనిషి కనిపిస్తాడు. విగ్రహం ట్రాలీ ఎక్కి వీధిలోకొచ్చేసరికి ఆడవాళ్లు పూర్తిగా మాయమవుతారు. ముందు నడిచే బ్యాండు బండి మీద జనరేటరు, హారన్ స్పీకర్లు, ఆక్టోప్యాడు, ఒక కీబోర్డు, వాటి చుట్టూ కుర్రాళ్లు. ఆ కీబోర్డు వెనక ఒక ఆడపిల్ల నిలబడటం మనలో ఎంతమంది చూశాం? చూడలేదని ఎప్పుడైనా గమనించామా?

పాతబస్తీ ఆడవాళ్లకి వాద్యం చేతకాదని ఎవరూ అనలేరు. ముస్లిం ఇళ్లల్లో పెళ్లంటే ఢోలక్ కే గీత్ ఉండాల్సిందే. ఢోలక్ వాయించేదీ ఆడవాళ్లే, పాట కట్టేదీ ఆడవాళ్లే. వియ్యపురాళ్లని ఆటపట్టించే ఆ పాటల్లో ఉన్న హాస్యానికి సాటి మన సాహిత్యంలో తక్కువ. అయితే ఆ ఢోలక్ గుమ్మం దాటదు. గుమ్మం దాటాక మోగే మర్ఫా మగవాళ్లది. ఇటు హిందూ ఇళ్లల్లో ఆషాఢంలో బోనం తలకెత్తుకునేది ఆడవాళ్లు, ఆ బోనం ముందు డప్పు కొట్టేది మగవాళ్లు. బతుకమ్మ ఒక్కటే పూర్తిగా మనదనుకుంటే, దానికి మన చప్పట్లే వాద్యం. వాటిని కూడా ఇప్పుడు డీజే పెట్టెలు మింగేశాయి. మతం ఏదైనా లెక్క ఒక్కటే: లోపలి శబ్దం ఆడవాళ్లది, బయటి శబ్దం మగవాళ్లది. వీధి ఎవరిదో తెలుసుకోవాలంటే వీధిలో ఎవరి చప్పుడు వినిపిస్తుందో వింటే చాలు.

'పాడుతున్నారు కదా ఆడవాళ్లు, వేదిక మీద సగం మంది గాయనులే కదా' అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారు. నిజమే. పాటకి మనల్ని రానిచ్చారు. గొంతు ఒంట్లో ఉన్నది, దేవుడిచ్చినది, దానికి సాధన అక్కర్లేదన్నట్టు మాట్లాడటం సులువు. వాద్యం అలా కాదు. అది కొనాలి, నేర్చుకోవాలి, విప్పి చూడాలి, పాడైతే బాగుచేయించాలి. అన్నిటికీ మించి, పాట ఎక్కడ మొదలవ్వాలో, ఏ శ్రుతిలో ఉండాలో, ఎంత వేగంగా నడవాలో చెప్పేది వాద్యం దగ్గరున్న మనిషి. అధికారం ఉండేది అక్కడ. మన సినిమా చరిత్రే చూడండి. 1954లో 'చక్రపాణి'కి పి. భానుమతి సంగీతం కూర్చింది. 1968లో సావిత్రి దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు'కి పి. లీల సంగీత దర్శకురాలు. 1990లలో ఎం.ఎం. శ్రీలేఖ వచ్చింది. మన గాయనుల పేర్లు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లం, సంగీతం కూర్చిన ఆడవాళ్ల పేర్లు ఒక చేతి వేళ్లు దాటించడానికి తడుముకుంటాం. పాడటానికీ పాడించడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే కీబోర్డు ఉంది.

శ్రుతి సంగతే తీసుకుందాం. ఆడగొంతులు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర హాయిగా విప్పుకుంటాయి. మగగొంతులు ఒకటి, ఒకటిన్నర, రెండు దగ్గర. యుగళగీతం వచ్చినప్పుడు రెంటికీ మధ్య ఒక రాజీ కావాలి. బ్యాండుల్లో ఆ రాజీ దాదాపు ఎప్పుడూ ఒకవైపే ఒరుగుతుంది. గాయని గొంతు చించుకుని పై స్థాయిని అందుకోవాలి, లేదా కింద స్థాయిలో వినబడకుండా గొణగాలి. అడిగితే 'ఒరిజినల్ శ్రుతి అదే మేడమ్' అంటారు. ప్రతి మామూలు కీబోర్డు మీదా ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వేళ్లు వాయించే చోట వాయిస్తూనే ఉంటాయి, శ్రుతి మాత్రం అరమెట్టు అరమెట్టుగా పైకీ కిందకీ జరుగుతుంది. రెండు సెకన్ల పని. యుగళగీతం మధ్యలో కూడా, ఆమె చరణానికి ముందొచ్చే వాద్యగోష్ఠిలో శ్రుతి మార్చి, అతని చరణానికి ముందు మళ్లీ తేవచ్చు. ఆ పని జరగకపోవడానికి కారణం యంత్రంలో లేదు, యంత్రం దగ్గరున్న మనిషికి ఆ అవసరం తట్టకపోవడంలో ఉంది.

ఇక మెట్ల వెడల్పు. పియానో మీద ఒక సప్తకం వెడల్పు సుమారు 6.5 అంగుళాలు, అంటే 16.5 సెంటీమీటర్లు. ఇది ప్రకృతి నియమమేం కాదు. 18వ శతాబ్దపు వాద్యాల్లో మెట్లు ఇంతకంటే సన్నగా ఉండేవి. యూరప్‌లో పెద్ద పెద్ద కచేరీ హాళ్లు, వాటిలో మగ విద్వాంసులు రాజ్యమేలిన 19వ శతాబ్దంలో ఈ వెడల్పు స్థిరపడింది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు 473 మంది పియానో వాద్యకారుల చేతులు కొలిచి చూస్తే, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపిన జానలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ సగటున అంగుళం తేడా కనిపించింది. అంటే మన చేతులు 'చిన్నవి' కావు, మెట్లు పెద్దవి. జోసెఫ్ హాఫ్‌మన్ అనే ప్రఖ్యాత పియానిస్టుకి చేతులు చిన్నవైతే స్టైన్‌వే కంపెనీ అతనికోసం సన్న మెట్లతో పియానోలు చేసి ఇచ్చింది. చేతులు చిన్నవైన ఒక మగవాడి కోసం వాద్యం మారింది. కోట్లమంది ఆడవాళ్ల కోసం మాత్రం 'ఇంకొంచెం సాగదీసి సాధన చెయ్యమ్మా' అనే సలహా ఉంది. మణికట్టు నొప్పులు మనవి, ప్రమాణాలు వాళ్లవి. సన్న మెట్ల కీబోర్డులు మార్కెట్లో లేవా అంటే ఉన్నాయి, పిల్లల బొమ్మల కింద.

ఆ బొమ్మల గురించి ఒక కథ చెప్పాలి. 1980లో సంగీత కళాశాల చదువు ముగించుకుని ఒకుడా హిరోకో అనే జపాన్ అమ్మాయి కేసియో కంపెనీలో చేరింది. రెగె సంగీతమంటే ప్రాణం. ఎంటీ-40 అనే చిన్న మెట్ల కీబోర్డులో మీట నొక్కితే తనంతట తాను నడిచే తాళాలని తయారుచేసే పని ఆమెకి అప్పగించారు. 1981లో ఆ కీబోర్డు బజారులోకి వచ్చింది. అందులో 'రాక్' అని పేరు పెట్టిన ఒక తాళాన్ని, దాని కింద నడిచే బేస్ వరసని జమైకాలో కుర్రాళ్లు పట్టుకున్నారు. 1985లో వేన్ స్మిత్ పాడిన 'అండర్ మి స్లెంగ్ టెంగ్' పుట్టింది. జమైకా సంగీతం కంప్యూటర్ యుగంలోకి మళ్లింది ఆ పాటతోనే అంటారు. ఆ వరస మీద తర్వాత వందలాది పాటలు కట్టారు. ఆ పాటలన్నిటి కింద ఉన్నది ఒక ఆడపిల్ల చేతిపని అని ప్రపంచానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. వినాయకుడి కళ్లు దిద్దే చెయ్యి ఎవరిదో బేరం కుర్చీ చెప్పనట్టే, మీట కింద ఉన్న తాళం ఎవరిదో పెట్టె మీద రాసి ఉండదు. 'ఆడవాళ్లకి మెషీన్లు పడవు' అనేవాళ్లకి ఆ మెషీన్ లోపలే ఒక ఆడమనిషి ఉందని చెప్పాలి.

ధూల్‌పేట్ పక్కనే జుమేరాత్ బజార్. గురువారం సంతలో సెకండ్ హ్యాండ్ సరుకంతా నేల మీద పరుస్తారు. అక్కడా, నగరంలో ఇంకా నాలుగు వాద్యాల దుకాణాల్లోనూ నేను అడిగి చూశాను. పేర్లు అనవసరం, జవాబు ఒక్కటే: 'బాబుకా మేడమ్?' నాకే అన్నాక చూపించినవి పాటలు ముందే నింపి ఉన్నవి, మెట్ల మీద లైట్లు వెలిగేవి. వెనక జాక్ ఎక్కడుంది, ఎడమ మోనోనా స్టీరియోనా, బ్యాటరీతో నడుస్తుందా అనడిగితే కౌంటరు అవతలి మనిషి జవాబు నా పక్కన నిలబడ్డ మగ స్నేహితుడికి చెప్పాడు. ఆ స్నేహితుడికి సరిగమలు కూడా రావు. ఇది చిన్న విషయమే. కానీ పదిహేనేళ్ల పిల్ల ఒకతి దాచుకున్న డబ్బుతో ఆ దుకాణం మెట్లెక్కితే, ఇలాంటి చిన్న విషయాలు మూడు చాలు, వెనక్కి వచ్చేయడానికి.

ఇక అభ్యంతరాలు. మొదటిది మనవాళ్ల నుంచే వస్తుంది: కూడూ గుడ్డా లేని ఆడవాళ్ల దగ్గర కీబోర్డుల గోలేమిటి? ధూల్‌పేట్‌లో గుడుంబా కాచీ అమ్మీ కేసుల్లో ఇరుక్కున్న ఆడవాళ్లున్నారు. 2015 తర్వాత బట్టీలు మూయించినప్పుడు బతుకుతెరువు పోయిన ఇళ్లున్నాయి. వాళ్ల ముందు ఈ మాట ఎత్తడం వెటకారం కాదా? కాదు. ఆడవాళ్ల ఉపాధి అనగానే ప్రభుత్వాలకీ స్వచ్ఛంద సంస్థలకీ గుర్తొచ్చేవి కుట్టుమిషను, అగర్‌బత్తి, పచ్చళ్లు, పాపడాలు. అన్నీ ఇంట్లో కూర్చుని, తలొంచుకుని, ముక్కకింత అని తీసుకునే పనులు. అదే బస్తీలో మగపిల్లాడు ప్యాడు వాయించి, కీబోర్డు వాయించి పెళ్లిళ్ల కాలంలో ఒక్కరాత్రికి తెచ్చేది, తల్లి వారమంతా రాఖీలు కట్టినా రాదు. కీబోర్డు విలాసమా, పనిముట్టా అనే ప్రశ్న మగపిల్లాడి విషయంలో ఎవరూ అడగరు. వాడికది పనిముట్టే. మనం అడిగితేనే అది విలాసమవుతుంది.

రెండో అభ్యంతరం సంప్రదాయజ్ఞులది. మెట్ల మీద గమకం పలకదు, అది మన వాద్యం కాదు అంటారు. ఈ మాట పాతదే. ఇదే కారణం చెప్పి 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది. మళ్లీ రానివ్వడానికి మూడు దశాబ్దాలు పట్టింది. అన్నేళ్లూ నాటకాల్లో, భజనల్లో, హరికథల్లో, ఖవ్వాలీల్లో హార్మోనియం మోగుతూనే ఉంది. కీబోర్డుకి ఎడమవైపు చక్రం ఒకటి ఉంటుంది, స్వరాన్ని జార్చడానికి. దాన్ని సాధన చేసినవాళ్లు గమకానికి చాలా దగ్గరికి వస్తారు. సరే, వీణకి సాటి రాదనే ఒప్పుకుందాం. అయినా వీణ ఎవరింట్లో ఉండేది, ఏ కులం ఆడపిల్లలకి నేర్పేవారు? చెయ్యి పెడితే చాలు పలికే వాద్యం, గురువు గడప ముందు కులం చెప్పుకోనక్కర్లేని వాద్యం బస్తీ పిల్లలకి దొరికిందంటే, దాని స్వచ్ఛత గురించి బెంగపడేవాళ్లని కొంచెం అనుమానించడమే మంచిది. మన ఊళ్లల్లో దళిత ఆడపిల్లలు ఎందరో కీబోర్డు ముందు మొదట కూర్చున్నది చర్చిలో. అక్కడ ఆదివారం పొద్దున వాయించగలిగిన చేతులు శనివారం రాత్రి బ్యాండులో ఎందుకు వాయించలేవు? వేళ్లు అవే. మారింది వేళ, వీధి.

మూడోది అభ్యంతరం కాదు, మన సంగతి. రచయిత్రుల సభలు, మహిళా దినాలు, సదస్సులు ఎన్ని జరుపుకున్నాం! పాట లేకుండా ఒక్క సభైనా మొదలైందా? పాడేది మన నేస్తమే. పక్కన కీబోర్డు, తబలా మాత్రం ఎవరివో అద్దె చేతులు, మగవాళ్లవి. పితృస్వామ్యం మీద పాట పాడుతుంటే శ్రుతి అతను ఇస్తాడు. ఫలానా పాట కొంచెం నెమ్మదిగా అని మనం బతిమాలతాం. కరపత్రంలో గాయని పేరు వేస్తాం, వాయించిన వాళ్ల పేరు వెయ్యం కాబట్టి ఆ లోటు కాగితం మీద కూడా కనబడదు. మన పత్రిక మనమే నడుపుకోవాలని, మన చరిత్ర మనమే రాసుకోవాలని పట్టుబట్టిన వాళ్లం. మన పాట వెనకున్న చప్పుడు గురించి ఆ పట్టుదల ఎందుకు లేకపోయింది?

కాబట్టి కీబోర్డు ఎలాంటిది కొనాలో నా మాటగా చెబుతాను. మొదటి ప్రశ్న మెట్లెన్ని అని కాదు, ఒక్కదాన్నే ఎత్తగలనా అని. 88 బరువు మెట్ల యమహా పి-45 తూకం 11.5 కిలోలు. స్టాండు, సంచీ కలిస్తే ఆటోలో ఒంటరిగా ఎక్కించడం కష్టం. 61 మెట్ల రోలాండ్ జూనో డీఎస్-61 సుమారు 5.3 కిలోలు, 49 మెట్ల యమహా ఎంఎక్స్-49 సుమారు 3.8 కిలోలు. బ్యాండులో బేస్ గిటారో ప్యాడో ఉన్నప్పుడు ఎడమచేతి చివరి రెండు సప్తకాలు ఎలాగూ వాయించం. బీథోవెన్ కచేరీ చేసేవాళ్లకి 88 కావాలి, ఊరేగింపు బండి మీద నిలబడేవాళ్లకి అక్కర్లేదు. రెండోది, బ్యాటరీ మీద నడవాలి. జనరేటరు ఆగిపోతే 'అన్నా, లైన్ ఇయ్యవా' అని అడుక్కోకూడదు. జూనో బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. మూడోది, హెడ్‌ఫోను పెట్టుకునే వీలు. సాధనకి మనకి దొరికేది ఇల్లంతా పడుకున్న వేళే. నాలుగోది, పాటకి కావాల్సిన స్వరాలు, శ్రుతి, ఎడమచేతికి బేస్ కుడిచేతికి తీగలు అని చేసుకున్న విభజన, అన్నీ ముందే దాచుకుని ఒక్క మీటతో పిలుచుకునే సదుపాయం. అది ఉంటే రెండో కీబోర్డు అక్కర్లేదు. ఐదోది, రెండు జాక్ వైర్లూ ఒక డీఐ బాక్సూ మన సంచిలోనే ఉండాలి. వైరు మనదైతే మిక్సరు దగ్గరి మనిషితో మాట మారుతుంది. మన శబ్దం తగ్గించి 'బానే వినిపిస్తోంది మేడమ్' అనేవాడికి జవాబు చెప్పాలంటే వైరు ఎక్కడ పెట్టాలో మనకి తెలియాలి. ఇవన్నీ ఉన్న కొత్తది కొనే స్తోమతు లేకపోతే పాతదైనా నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. పొదుపు సంఘాల్లో గేదెకి అప్పిస్తారు, కీబోర్డుకి ఎందుకివ్వరో అడుగుదాం.

ఇవి బలహీనుల కోసం తగ్గించిన కొలతలు కావు. బరువు తక్కువ, తయారీ తక్కువ, పరాధీనం తక్కువ. ఏ వాద్యకారుడికైనా ఇవి మంచి కొలతలే. మన అవసరాల నుంచి మొదలెడితే అందరికీ పనికొచ్చే జవాబు వస్తుందని స్త్రీవాదం ఎన్నో చోట్ల నిరూపించింది, ఇక్కడా అంతే.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2024 అక్టోబరు 1న హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. గుండెలదిరే పెట్టెలు, వాటిలో ముందే నింపుకొచ్చిన పాటలు, పక్క మతం వాళ్లని గిల్లడానికే కట్టిన కొన్ని పాటలతో సహా, వీధిలో మోగకూడదన్నారు. అమలు సంగతి అలా ఉంచండి. పెట్టె మోగకూడదంటే మనుషులు వాయించాలి. పాతబస్తీ వీధిలో ఒక చోటు ఖాళీ అవుతోంది. ఖాళీ అయిన చోటు ఎప్పుడూ మనకోసం ఎదురుచూస్తూ కూర్చోదు. ముందు వెళ్లి నిలబడ్డవాళ్లదే అవుతుంది. విగ్రహాన్ని మలిచిన చేతులకి ఆ విగ్రహం ముందు వాయించే హక్కు లేదని ఏ శాస్త్రంలో ఉంది? శాస్త్రంలో లేదు కాబట్టే దాన్ని బరువులో, వెడల్పులో, వేళలో, కౌంటరు అవతలి చూపులో దాచారు. దాచిన చోటు తెలిసింది. ఇక ఎవరి కీబోర్డు వాళ్లం భుజాన వేసుకోవడమే మిగిలింది.